న్యాయమూర్తి గారి వయసు

పైడమ్మకి నలభై తొమ్మిదేళ్లు. ఆవిడ రక్తానికి అరవై ఎనిమిది.

తెర మీద ఆ అంకె చూసి వకుళ యంత్రం తప్పు చెబుతోందేమో అనుకుంది. ఇంకో చుక్క తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ అరవై ఎనిమిదే. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న పైడమ్మ, దూది అద్దిన వేలిని రెండో చేత్తో పట్టుకుని, "ఏటమ్మా, ఏటైనా పెద్ద రోగమా?" అంది.

"రోగం కాదు పైడమ్మా. నీ ఒళ్లు నీకంటే ముందే ముసలిదైపోయింది."

పైడమ్మ తన చేతుల కేసి చూసుకుంది. పలాసలో జీడిపిక్కలు కొట్టే పనిలో పడి ముప్పై ఏడేళ్లు. జీడి నూనె కాల్చేసిన వేళ్ల మీద గీతలు కూడా మిగల్లేదు. కార్ఖానా పొగ రొమ్ములో చేరింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పింఛను రావాలంటే అరవై నిండాలి. అంటే ఇంకో పదకొండేళ్లు పిక్కలు కొట్టాలి.

వకుళ వయోమాపకాన్ని తయారు చేసింది ఇలాంటివాళ్ల కోసమే. పుట్టిన తేదీతో దానికి పనిలేదు. ఒక్క రక్తపు చుక్క వేస్తే, కణాల మీద కాలం వదిలిన గుర్తులు చదివి ఆ శరీరం నిజంగా ఎంత నలిగిందో చెబుతుంది. ఆ యంత్రం పక్కనే, విశాఖ కొండ మీది అదే ప్రయోగశాలలో, ఇంకో పని కూడా నడుస్తోంది. దానికి 'చిగురు' అని పేరు పెట్టుకున్నారు. నలిగిన కణాల్ని తిరిగి బాగుచేసే మందు. జీవకణాల్లో పెంచాలి, ఒక్కో మోతాదు తయారవడానికి నెలలు పడుతుంది. అనుమతి కొద్దిమంది మీద ప్రయోగించడానికే వచ్చింది. పైడమ్మ ఆ కొద్దిమందిలో ఒకతె.

మొదటి మోతాదు తరవాత ఆవిడ ఆయాసం తగ్గింది. రెండోదానికి మొహంలో కళ వచ్చింది. మూడోది ఇవ్వాల్సిన రోజు డైరెక్టరు విద్యాధర్ వచ్చి, "మందు పెంచే పాత్రకి ఏదో సోకింది, పారబోయాల్సి వచ్చింది," అన్నాడు. అలాంటివి మామూలే కాబట్టి వకుళ నమ్మింది. పైడమ్మ పాసింజరు బండెక్కి పలాస వెళ్లిపోయింది.

*

పైడమ్మ తరఫున కార్మిక సంఘం వేసిన కేసు దక్షిణ రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. పింఛనుకి కావాల్సిన వయసు అంటే క్యాలెండరు చెప్పేదా, శరీరం చెప్పేదా అన్నది ప్రశ్న. అక్కడ ప్రధాన న్యాయమూర్తి జామి సోమశేఖరం. వకుళకి స్వయానా అన్నయ్య.

ఇద్దరికీ పద్నాలుగేళ్ల తేడా. తండ్రి పోయేనాటికి వకుళ మూడో తరగతి. అప్పుడే నల్లకోటు వేసుకున్న అన్నయ్య ఆమెకి జడలు వెయ్యడం నేర్చుకున్నాడు. ఆమె డాక్టరేటు పూర్తయ్యేదాకా తను పెళ్లి చేసుకోనని కూర్చున్నాడు. ఆయన ఇంట్లో అబద్ధం ఆడితే దెబ్బలుండేవి కావు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఇప్పుడు నువ్వే తీర్పు చెప్పుకో," అనేవాడు. వకుళ తనకి తనే వేసుకున్న శిక్షలు ఎప్పుడూ దెబ్బలకంటే పెద్దవే.

బంధుత్వం ఉందని ఆమె సాక్ష్యానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆమె వచ్చింది సొంతపని మీద కాదు, యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి. చెప్పింది. నెల తిరక్కుండా తీర్పు వచ్చింది.

ఆ రోజు కోర్టు హాలు కిటకిటలాడింది. సోమశేఖరం తీర్పు చదువుతుంటే పలాస నుంచి వచ్చిన ఆడవాళ్లు వెనక నిలబడి విన్నారు. "మనిషి ఆయుష్షుని గోడ మీది క్యాలెండరు తినదు. పని తింటుంది, పొగ తింటుంది, ఆకలి తింటుంది," అని ఆయన చదివినప్పుడు వకుళ వెనక్కి తిరిగి ఆ ఆడవాళ్ల కేసి చూసింది. చిట్టచివర ఒక వాక్యం ఉంది. "కాబట్టి ఈ దేశపు చట్టాలలోనూ, రాజ్యాంగంలోనూ 'వయసు' అన్న మాట ఎక్కడ వచ్చినా అది శరీర వయసేనని ఈ న్యాయస్థానం భావిస్తోంది." అంతటా చప్పట్లు. ఆ చప్పట్లలో ఆ వాక్యం ఎవరి చెవికీ ఎక్కలేదు. వకుళ చెవికీ ఎక్కలేదు.

మెట్ల మీద పైడమ్మ ఆమె చేతులు పట్టుకుంది. "పైనెల నుంచే వొస్తాదంట డాక్టరమ్మా. ఇంక పిక్క ముట్టను. ముట్టమన్నా ముట్టను."

*

అన్నయ్యకి అరవై అయిదు నిండేది శ్రావణంలో. రాజ్యాంగం ప్రకారం ఆ రోజుతో న్యాయమూర్తి పదవి అయిపోతుంది. అంతేకాదు, ఏ తీర్పుతోగానీ ఏ ఉత్తర్వుతోగానీ న్యాయమూర్తులు తమ గడువుని తాము పొడిగించుకోకూడదని అందులో విడిగా ఒక నిబంధన ఉంది. పూర్వం ఎవరో అలా చెయ్యబోతే రాసుకున్న నిబంధన అది. అన్నయ్యే చెప్పాడు ఒకప్పుడు, ఆమె కాలేజీలో ఉండగా. "దొంగ ఇంట్లోవాడైనప్పుడు తాళం బయటినుంచి వెయ్యాలి వకూ."

వీడ్కోలు సభకని వకుళ ఉప్పాడ చీర కట్టుకుని, పూలదండ పట్టుకుని కోర్టుకి వెళ్లింది. సభా లేదు, షామియానా లేదు. వరండాలో లాయర్లు గుంపులు గుంపులుగా నిలబడి గుసగుసలాడుకుంటున్నారు. ఆమెని చూడగానే మాటలాపేశారు. నోటీసు బోర్డు దగ్గరికి నడిస్తే దారిచ్చారు.

వయోమాపకం పరీక్షలో ప్రధాన న్యాయమూర్తి వయసు యాభై మూడుగా తేలిందనీ, గత తీర్పుననుసరించి ఆయన శరీరానికి అరవై అయిదేళ్లు వచ్చేవరకు పదవిలో కొనసాగుతారనీ అందులో ఉంది.

వకుళ ఆ కాగితం ముందు ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. కొనసాగుతారన్న మాటకంటే ముందు ఆమెని పట్టుకున్నది ఆ అంకె. వయోమాపకం తయారైన కొత్తలో, ఎవరూ వేలు గుచ్చుకోనివ్వడానికి ముందుకి రాకపోతే, మొదట వేలు చాపింది అన్నయ్యే. అప్పుడు ఆయనకి అరవై రెండు. యంత్రం అరవై నాలుగని చెబితే, "చూశావా, న్యాయశాస్త్రం రెండేళ్లు తినేసింది," అని నవ్వాడు. మూడేళ్లలో అరవై నాలుగు యాభై మూడెలా అవుతుంది? అలా చెయ్యగలిగింది ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. అది తన గదిలో, తన చల్లని పెట్టెలో ఉండాల్సింది.

ప్రయోగశాలలో సూదీ సీసా తీసుకుని సరాసరి అన్నయ్య ఇంటికి వెళ్లింది. ఆయన హాల్లో కూర్చుని ఏదో చదువుకుంటున్నాడు. మొహం నిగనిగలాడుతోంది. ఇన్నాళ్లూ దాన్ని చూసి సంతోషించింది తను, వదిన వంట బాగా పడుతోందని హాస్యమాడింది కూడా.

"వేలు ఇవ్వు అన్నయ్యా," అంది.

ఎందుకని ఆయన అడగలేదు. చాపాడు.

*

చిగురు ప్రతి మోతాదులోనూ అది ఏ పాత్రలో పెరిగిందో తెలిసేలా ఒక గుర్తు కలుపుతారు. అది రక్తంలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. అన్నయ్య రక్తంలో నాలుగు గుర్తులు కనిపించాయి. అందులో ఒకటి పైడమ్మకి ఇవ్వాల్సిన పాత్రది. ఏదో సోకి పారబోశామన్న పాత్రది.

విద్యాధర్ కాదనలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "నీకు తెలుసనుకున్నాను," అన్నాడు.

"నాకెలా తెలుస్తుంది?"

"మీ అన్నయ్యే కదా వకుళా! ఆయనకి మందు వెళ్తోందంటే నువ్వు చూసీ చూడనట్టు ఊరుకున్నావనుకున్నాను. నీ మర్యాద కోసమే నీ దగ్గర ఆ మాట ఎత్తలేదు."

"పైడమ్మ దగ్గర లాక్కుని ఆయనకి ఇచ్చారు."

"ప్రయోగానికి అనుమతి ఎవరిచ్చారు? ఆ కోర్టే. రేపు దాన్ని పొడిగించాల్సింది ఎవరు? ఆ కోర్టే. ఒక్క మనిషికి నాలుగు మోతాదులిస్తే వెయ్యిమందికి మందు దొరికే దారి తెరుచుకుంటుంది. నువ్వైతే ఏం చేసేదానివి?"

వకుళ లేచి వచ్చేసింది. పదకొండేళ్లుగా ఒకే టిఫిను డబ్బాలో చెయ్యి పెట్టి తిన్న మనిషి అతను.

మర్నాడు ఆదివారం. అన్నయ్య పెరట్లో నందివర్ధనం చెట్టు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వకుళ ఎదురుగా నిలబడింది.

"కూర్చో. కాఫీ తాగుతావా?"

"తాగను. చిగురు తీసుకున్నావు."

"తీసుకున్నాను."

"ఆ కేసు విచారణకి రాకముందే మొదలుపెట్టావు."

"అవును."

"అంటే పైడమ్మ కేసు వినేటప్పటికే నీకు తెలుసు, చివరి వాక్యం ఏం రాస్తావో."

సోమశేఖరం కళ్లద్దాలు తీసి ధోవతి అంచుతో తుడుచుకున్నాడు. "నేను గడువు పొడిగించలేదు వకుళా. దాన్ని రాజ్యాంగం ఒప్పుకోదు. వయసంటే ఏమిటో చెప్పానంతే. అది చెప్పడం నా పని."

"ఇది నాకు చెప్పకు. నేను నీ దగ్గర పెరిగినదాన్ని."

"అయితే విను." ఆయన గొంతు కొంచెం పెరిగింది. "నేను దిగిపోయిన మర్నాడే కార్ఖానాల వాళ్లు ఆ తీర్పు మీద పడతారు. నా తరవాత వచ్చేవాళ్లకి దాన్ని నిలబెట్టే వెన్నెముక లేదు. నేను కూర్చుని ఉంటేనే ఆ ఆడవాళ్లకి పింఛను. నన్ను తీసెయ్యాలంటే ఆ వాక్యం కొట్టెయ్యాలి. వాక్యం కొట్టేస్తే పైడమ్మ పింఛనూ పోతుంది. రెంటినీ కలిపే రాశాను. ఊరికే రాయలేదు."

అప్పటిదాకా వకుళకి కోపం మాత్రమే ఉంది. ఈ మాటతో లెక్కంతా అర్థమైంది. పలాస ఆడవాళ్లని ఆయన డాలులా ముందు పెట్టుకున్నాడు. ఆ డాలు పట్టుకునే పిడి తన యంత్రం.

"కూర్చో. కాఫీ తాగుతావా?" అన్నాడు సోమశేఖరం, ఆప్యాయంగా, ఇప్పుడే వచ్చిన మనిషిని అడిగినట్టు.

ఆమె ఆయన మొహంలోకి చూసింది. అందులో వెటకారం లేదు. ఏమీ లేదు.

వంటింట్లో వదిన అనసూయ కూర తరుగుతోంది. వకుళ వెళ్లి పక్కన నిలబడగానే తల ఎత్తకుండానే, "అడిగిందే అడుగుతారు," అంది. "మొన్న గుడికి తీసుకెళ్తానని కారెక్కించి, కోర్టు దాకా వెళ్లి, ఎందుకొచ్చామని నన్నడిగారు. ఒంట్లో మాత్రం పాతికేళ్ల కుర్రాడిలా ఉన్నారు. నేనెవరికి చెప్పుకోను?"

*

ప్రయోగశాలలో చిగురు ఎక్కించిన ఎలుకలు ఉన్నాయి. ముసలివే, కానీ ఒంటి మీద జుట్టు నల్లగా మెరుస్తూ, పిల్ల ఎలుకల్లా గంతులేస్తాయి. వాటి రక్తం చూసి అందరూ పండగ చేసుకున్నారు. వాటి బుర్ర సంగతి ఎవరూ చూడలేదు. చూడాలని తనకీ తోచలేదు.

వకుళ వాటిని ఒక్కొక్కటిగా చెక్క దారుల పెట్టెలో వదిలింది. ఎప్పుడో నేర్చిన దారి అది, చివర వేరుశనగ పలుకు ఉంటుంది. మందు ఎక్కించని ముసలి ఎలుకలు నెమ్మదిగా, తడుముకుంటూ, చేరాయి. మందు ఎక్కించినవి మెరుపులా పరిగెత్తి, ఒక మలుపు దగ్గర తిరిగి, మళ్లీ అదే మలుపుకి వచ్చాయి. మళ్లీ అదే వేగం, అదే మలుపు. అలసట లేని ఒళ్లు కాబట్టి ఆగడం కూడా లేదు.

వారం పాటు మళ్లీ మళ్లీ పరీక్షించింది. సందేహం మిగల్లేదు. చిగురు రక్తాన్నీ గుండెనీ వెనక్కి తిప్పుతుంది. మెదడుని తిప్పదు. పైపెచ్చు నాలుగో మోతాదుకి చేరేసరికి దాన్ని తొందరగా అరగదీస్తోంది. కాబట్టి మందు వేసుకున్న ఒంట్లో తన యంత్రం చెప్పే అంకె వయసు కాదు. ఈ సంగతి బయట పెడితే చిగురు పోతుంది, ప్రయోగశాల పోతుంది. అన్నయ్య పదవి పోతుంది. పరువూ పోతుంది. ఊరుకుంటే ఏమీ పోదు.

ఈలోపు న్యాయవాదుల సంఘం పునర్విచారణ కోరింది. ఆ వాక్యంతో న్యాయమూర్తులందరికీ లాభమే, కాబట్టి ఎవరూ పక్కకి తప్పుకోనక్కర్లేదని చెప్పి, ఆ ధర్మాసనం మీద సోమశేఖరమే మధ్య కుర్చీలో కూర్చున్నాడు. నిపుణురాలిగా రమ్మని వకుళకి పిలుపు వచ్చింది.

వెళ్లేముందు ఆమె పలాస వెళ్లింది. పైడమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని అంతా చెప్పింది. మూడో మోతాదు ఎవరి ఒంట్లోకి వెళ్లిందో కూడా చెప్పింది.

పైడమ్మ తలెత్తి, "నా మందు ఆ జడ్జీబాబు ఏయించుకున్నాడా?" అంది.

"అవును."

"నువ్వు ఇన్నాళ్లూ మా యమ్మలా సూత్తన్నావనుకున్నాను."

"నాకు తెలీదు పైడమ్మా."

"తెలీదా? మందు నీది, మిషనీ నీది, అన్న నీ అన్న. నీకే తెలీకపోతే మరెవలకి తెలస్తాదమ్మా?" ఆవిడ కాలిన వేళ్లు ముందుకి చాపింది. "ఇప్పుడు నువ్వెల్లి సెప్తావు. ఆ బాబు దిగిపోతాడు. నా పింఛనూ పోతాది. మీరూ మీరూ బాగానే ఉంతారు. నానెల్లి మల్లీ పిక్కల కాడ కూకోవాల."

"చెప్పొద్దంటావా?"

"నన్నడక్కు. నాను సెప్పొద్దంతే నువ్వు మానేత్తావా? మానవు. నా సేత అనిపించుకుని పోదారని వొచ్చినావు." లేచి లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చున్న వకుళకి ఆ మాటే చెవిలో మోగింది. నిజమే. దీవించి పంపుతుందనే వెళ్లింది తను.

*

సాక్షుల బోనులోంచి చూస్తే ముగ్గురు న్యాయమూర్తులు ఎత్తుగా కనిపించారు. మధ్యలో సోమశేఖరం, కుడివైపు జస్టిస్ ఇందుమతి, ఎడమవైపు ఇంకొకాయన. ఇందుమతికి క్యాలెండరు ప్రకారం పైసంవత్సరంతో పదవీ గడువు అయిపోతుంది. ఆవిడా ఆ వాక్యంతో బాగుపడే మనిషే. ఆవిడ మొహంలో ఏమీ తెలియడం లేదు.

వకుళ ఎలుకల సంగతి చెప్పింది. మెరుపులా పరిగెత్తి అదే మలుపు దగ్గర తిరిగిన సంగతి చెప్పింది. మందు వేసుకున్న శరీరంలో తన యంత్రం చెప్పే అంకెని ఎవరూ నమ్మకూడదని, తయారు చేసిన మనిషిగా తనే చెబుతున్నానని చెప్పింది. వెనక బెంచీలో విద్యాధర్ తల పట్టుకున్నాడు.

సోమశేఖరం ముందుకి వంగాడు. గొంతు గంభీరంగా, ఎప్పటిలాగే ఉంది. "సాక్షి గారూ, ఇదంతా ఎలుకల్లో. మనుషుల్లో ఇలా జరిగిందని చూపడానికి మీ దగ్గర ఆధారం ఏమైనా ఉందా?"

వకుళ ఆయన కళ్లలోకి చూసింది. ఆ కళ్లు ఆమెని బతిమాలడం లేదు. చెప్పలేదులే అన్న ధీమా ఉంది వాటిలో. తన చెల్లెలు, తన చేతుల్లో పెరిగిన పిల్ల.

"రాతపూర్వకంగా చూపగలిగింది లేదండీ," అంది. నిజమే. పరీక్ష చేసి రాసుకున్నది ఏమీ లేదు.

ఆయన తల పంకించి వెనక్కి వాలాడు. న్యాయవాది లేచి తరవాతి విషయానికి వెళ్లాడు. చిగురు ఎలా తయారవుతుంది, ఎంత మోతాదు ఇస్తారు, ఎన్నాళ్లకోసారి. వకుళ ఒక్కొక్కదానికే జవాబు చెబుతోంది. ఆమె గొంతు కొంచెం తేలికపడింది. చెప్పాల్సింది చెప్పేసింది, ఆయన్ని బజార్న పెట్టకుండానే. ఇంతటితో సరిపోతుందేమో.

సోమశేఖరం మళ్లీ ముందుకి వంగాడు.

"సాక్షి గారూ, ఇదంతా ఎలుకల్లో. మనుషుల్లో ఇలా జరిగిందని చూపడానికి మీ దగ్గర ఆధారం ఏమైనా ఉందా?"

అదే మాట, అదే వరసలో, అదే గంభీరంగా. న్యాయవాది చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. ఎడమవైపు న్యాయమూర్తి బల్లకేసి చూస్తున్నాడు. హాల్లో కొందరికి అనుమానం వచ్చింది, కొందరు ఏదో పట్టుబట్టి అడుగుతున్నాడనుకున్నారు. వకుళ మళ్లీ ఇందాకటి జవాబే చెప్పేస్తే ఆ కొందరి అనుమానం అక్కడే అణిగిపోతుంది. ఒక్క మాట చాలు. రెండోసారి లేదండీ అంటే చాలు.

"ఈ ప్రశ్న మీరు ఇందాకే అడిగారండీ," అంది. "ఇదే మాటల్లో. నేను జవాబు కూడా చెప్పాను."

సోమశేఖరం చిన్నగా నవ్వాడు, అవతలివాళ్లు పొరబడినప్పుడు పెద్దమనిషి నవ్వే నవ్వు. "నేనా? లేదు," అన్నాడు. కుడివైపుకి తిరిగాడు. "అడిగానా?"

ఇందుమతి ఆయన వైపు చూడలేదు. "అడిగారు సార్," అంది మెల్లగా.

ఆ నవ్వు ఆయన మొహం మీద ఇంకాసేపు నిలిచింది. తరవాత ఎక్కడికి పోవాలో తెలియనట్టు పోయింది. ఆయన హాలంతా కలయజూశాడు. ప్రతి మొహంలోనూ అదే కనిపించింది ఆయనకి. చివరికి చెల్లెలి దగ్గర చూపు ఆగింది. ఆ చూపులో కోపం ఉంటే ఆమె భరించేది. తను లోకువైపోయిన చోట సొంత మనిషి నిలబడి ఉండటం చూసిన ఆశ్చర్యం ఉంది.

ధర్మాసనం భోజనానికి లేచింది. సోమశేఖరం మళ్లీ ఆ కుర్చీలోకి రాలేదు. సాయంత్రానికి రాజీనామా వెళ్లింది.

*

ఆయన స్థానంలోకి వచ్చిన ఇందుమతి కొత్తగా కూర్చోబెట్టిన ధర్మాసనం ఆ వాక్యాన్ని కొట్టేసింది. న్యాయమూర్తి వయసంటే పుట్టిన రోజు నుంచి గడిచిన ఏళ్లేననీ, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకి దాని అర్థం మార్చే అధికారం లేదనీ రాసింది. పింఛను వయసు ఎలా లెక్కించాలో తేల్చాల్సింది శాసనసభ కాబట్టి, సభ చట్టం చేసేదాకా పాత పద్ధతే నడుస్తుందంది. ఇందుమతి తన గడువు రాగానే వీడ్కోలు చెప్పించుకుని ఇంటికి వెళ్లిపోయింది.

శాసనసభకి ఏడాది పట్టింది. ఆ ఏడాదీ పైడమ్మ పిక్కలు కొట్టింది. చట్టం వచ్చాక పింఛనూ వచ్చింది. వకుళ పలాస వెళ్లింది గానీ, ఆవిడ అరుగు మీద కూర్చోమనలేదు. గుమ్మంలోనే నిలబడి, "వొత్తంది డాక్టరమ్మా. బాగానే ఉంది," అని ఊరుకుంది.

ప్రయోగశాలలో చిగురు విభాగం మూసేశారు. విద్యాధర్ వేరే ఊళ్లో వేరే సంస్థలో చేరాడు. వకుళకి ఒక చిన్న గది, వయోమాపకం మిగిలాయి.

ఆ ఏడాదంతా అన్నయ్య ఆమె ఫోనెత్తలేదు. కార్తీకంలో ఒకరోజు వదినే ఫోన్ చేసి, "ఇవాళ బాగున్నారు. రా," అంది.

వెళ్లేసరికి సోమశేఖరం వరండాలో కూర్చుని ఉన్నాడు. మొహం ఇంకా యాభై ఏళ్ల మనిషిదే. వకుళ పక్క కుర్చీలో కూర్చుంది.

"రెండోసారి నువ్వు మామూలుగా జవాబు చెప్పేసి ఉండొచ్చు," అన్నాడు ఆయనే.

"చెప్పి ఉండొచ్చు."

"నాకది పరాయివాళ్లెవరైనా చెప్పి ఉంటే బాగుండేది వకుళా."

ఇన్నాళ్లూ ఆమె మనసులో నలిగింది ఒక్కసారి బయటికి వచ్చింది. "నువ్వు నా మందు దొంగతనంగా తీసుకున్నావు. నా యంత్రాన్ని, నన్ను, ఆ ఆడవాళ్లని నీ కుర్చీకి కాళ్లుగా వాడుకున్నావు. ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే..." ఆగిపోయింది. "అడిగి ఉంటే నా చేత్తో నేనే ఇచ్చి ఉండేదాన్నేమో అన్నయ్యా. పైడమ్మది తీసైనా ఇచ్చి ఉండేదాన్నేమో. ఆ సంగతి తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు."

సోమశేఖరం గేటు కేసి చూశాడు.

"అందుకే అడగలేదు," అన్నాడు.

ఆ మాట ప్రేమతో అన్నాడో, వెనకటిలా తనకి కావాల్సిన వాక్యం తనే రాసుకున్నాడో, వకుళకి అంతు పట్టలేదు. అడుగుదామని తిరిగేసరికి ఆయన కళ్లు మూసుకున్నాడు. ఒకప్పుడైతే ఆయన ఏమన్నా నమ్మేసేది. ఆమె లేచి, వదినకి చెప్పి, ఇంటికి బయలుదేరింది.